బుడబుంగకు ఇద్దరు సాక్షులు

వానలో గొడుగు మూసే మనిషిని నేను ఒక్కరినే చూశాను. ఎండలో, మబ్బులో, బస్టాపులో, ఒకసారి పెళ్ళి పందిట్లో కూడా గొడుగు విప్పుకుని కూర్చున్న ఆవిడ, కుంట గట్టు మీదికి చేరి వాన దంచికొడుతున్నప్పుడు మాత్రం టక్కున మూసేసేవారు. నల్లగుడ్డ పైన ఆడితే పిట్ట బెదురుతుందట. మనం తడుస్తాం కద మేడం అంటే, "నువ్వేమన్నా బెల్లం ముక్కవా, కరిగిపోవడానికి?" అని కసిరేవారు.

మొన్న మా ఆఫీసులో ఒకాయన తడిసిన గొడుగు తెచ్చి నా టేబుల్ పక్కన ఆరబెట్టుకున్నాడు. పిడి విరిగితే తెల్ల ప్లాస్టర్ చుట్టుకున్నాడు. ఆవిడ గొడుగు పిడికీ అచ్చం అట్లాంటి ప్లాస్టరే ఉండేది. ఆ రోజంతా నాకు ఫైళ్ళ మీద మనసు నిలవలేదు.

ఆవిడది గుంటూరు. నారాయణగూడలోని ఒక ఆడపిల్లల కాలేజీలో జంతుశాస్త్రం చెప్పి రిటైరయ్యారు. అశోక్‌నగర్‌లో కింది ఇంట్లో ఆవిడ, పై రెండంతస్తుల్లో మా హాస్టలు. సిద్దిపేట అవతలి ఊరి నుంచి గ్రూప్స్ కోచింగ్ కోసం నేను వచ్చింది 2009లో. ఒక్కో గదిలో నాలుగు మంచాలు, మంచానికొక గుట్ట పుస్తకాలు, అందరి నోటా ఒకటే మాట: నోటిఫికేషన్ ఎప్పుడు పడుతుంది? ఆ నోటిఫికేషన్ పడేది కాదు, మేము కదిలేవాళ్ళం కాదు.

మరుసటి ఏడు వానలు మొదలైన వారంలో ఆవిడ మెట్లెక్కి పైకొచ్చారు. మోకాళ్ళ నొప్పితో ఆయాసపడుతూ గుమ్మంలో నిలబడి, "మీలో వానంటే భయం లేనిది ఎవరు?" అన్నారు. కప్పు కారుతోందేమో, బకెట్లు పెట్టమని చెప్పడానికి వచ్చారేమో అనుకున్నాం.

"వానకు భయమేంది మేడం, నాట్లేసినోళ్ళం," అన్నాను నేను. అదే నా పొరపాటు.

ఆవిడ నన్ను కిటికీ దగ్గరకు లాక్కెళ్ళి వీధి చివర మలుపు తిరుగుతున్న బస్సు చూపించారు. "నంబరు చదువు." చదివాను. "రేపు తెల్లారగానే కింద ఉండు," అనేసి వెనక్కి తిరిగారు.

"రేపు మాక్ టెస్టు ఉన్నది మేడం."

"టెస్టులు ఏడాదంతా ఉంటాయి. ఇది వానల్లోనే ఉంటుంది."

ఇది అంటే ఏమిటో చెప్పలేదు. నేనూ అడగలేదు, ఎందుకంటే ఆవిడ అప్పటికే మెట్లు దిగుతూ మెట్లను తిడుతున్నారు.

మర్నాడు అంబర్‌పేట్ బస్సులో తెలిసింది, అది బుడబుంగ అని. గుప్పెడంత నీటిపిట్ట. తోక ఉందా లేదా అన్నట్టుంటుంది. నీళ్ళలో మునిగి, మనం ఊపిరి బిగబట్టి చూస్తుంటే ఇంకెక్కడో తేలుతుంది. మా ఊళ్ళో దాన్ని మునుగుడు కోడి అనేవాళ్ళం, ఎవరూ దాన్ని అంతగా పట్టించుకునేవారు కాదు. దీని కోసం ఒక పెద్ద మనిషి నా మాక్ టెస్టు ఎగ్గొట్టించిందా అని నాకు ఒళ్ళు మండింది.

"ఇంట్లనే చెప్తే నేను రాకపోదును మేడం."

"తెలుసు. అందుకే చెప్పలేదు."

ఇక అసలు కథ చెప్పారు. నగరంలో పిట్టల్ని చూసేవాళ్ళ సంఘం ఒకటుంది. ఆవిడ అందులో మొదటి నుంచీ ఉన్నారు. మన ప్రాంతంలో ఏ పిట్ట ఏడాదంతా ఉంటుంది, ఏది చలికాలంలో వచ్చిపోతుంది, ఏది ఇక్కడే గూడు కట్టి పిల్లల్ని చేస్తుంది అన్నీ రాసి వాళ్ళొక పుస్తకం వేశారు. అందులో బుడబుంగ ఏడాదంతా ఉంటుంది అని ఉంది. పిల్లల్ని చేస్తుందా అన్నచోట మాత్రం ఒక ప్రశ్నార్థకం ఉంది.

నాకు నవ్వాగలేదు. "ఏడాదంతా ఈడనే ఉంటదట, పిల్లల్ని యాడ కంటదో తెల్వదా మీ సంఘపోళ్ళకు?"

"ఎలా తెలుస్తుందే? వీళ్ళు బయల్దేరేదే కార్తీకంలో, వనభోజనాలకి వచ్చినట్టు. పెద్ద పెద్ద కెమెరాలేసుకుని ఎక్కడెక్కడి దేశాల నుంచో వచ్చిన బాతుల్ని చూసి, చిక్కడపల్లిలో ఇడ్లీలు తిని, ఇళ్ళకు పోతారు. బుడబుంగ గూడు కట్టేది వానల్లో. వానల్లో వీళ్ళు గడప దాటరు, కెమెరాలు తడుస్తాయని. వీళ్ళు వచ్చేసరికి దాని పిల్లలు పెద్దవై ఎటో పోతాయి."

ఆవిడ మాత్రం అంబర్‌పేట్ అవతలి ఆ చిన్న కుంటలో ఏళ్ళుగా చూస్తున్నారు. తల్లి వీపు మీద పిల్లలు కూర్చోవడం కూడా చూశారు. అయినా ప్రశ్నార్థకం పోలేదు. ఎందుకంటే సంఘంలో ఒక రూలుంది. ఒక పిట్ట ఇక్కడ పిల్లల్ని చేస్తుందని రాయాలంటే ఇద్దరు మనుషులు, ఒకే రోజు, ఒకే చోట, గుడ్లో పిల్లలో కళ్ళారా చూడాలి. ఒక్కరు చూస్తే చెల్లదు.

"గిట్లాంటి దిక్కుమాలిన రూలు ఎవలు వెట్టిండ్రు మేడం?"

ఆవిడ ముఖం కిటికీ వైపు తిప్పుకున్నారు. "నేనే," అన్నారు. ఎప్పుడో ఒక కుర్రాడు ఎవరూ చూడని పిట్టలన్నీ తానొక్కడే చూశానని చెబుతుంటే, వాడి నోరు మూయించడానికి ఆవిడే పట్టుబట్టి పెట్టించిన రూలు అది. ఇప్పుడు సంఘం సెక్రటరీ గారు ఎప్పుడు కనబడినా, "రూలు మీదే కదా మేడం," అని నవ్వుతారట. ఆయన ఇంజనీరుగా చేసి రిటైరైన మనిషి. ఆయన నవ్వును అనుకరించి చూపించేటప్పుడు ఆవిడ పెదవి ఒక పక్కకు వంకర పోయేది.

అలా నేను రెండో సాక్షినయ్యాను.

ఆ ఏడు మాకు గూడే దొరకలేదు. పోతూనే ఉన్నాం. గట్టు మీద నిలబడి ఆవిడ ఆడే ఆట ఒకటి ఉండేది. బుడబుంగ మునగగానే, "ఎక్కడ తేలుతుందో చెప్పు. ఓడినవాళ్ళు మిర్చి బజ్జీలు పెట్టించాలి," అనేవారు. ప్లాస్టర్ చుట్టిన గొడుగుతో నీళ్ళ మీద ఒక చోటు చూపించేవారు, పాఠం చెప్పే బెత్తం తిప్పినంత ధీమాగా. ముప్ఫై ఏళ్ళు జంతుశాస్త్రం చెప్పిన మనిషి ఒక్కసారి కూడా సరిగ్గా చెప్పలేకపోయారు. అది ఎప్పుడూ ఆవిడ వీపు వైపే తేలేది. తేలి, గుర్రప్పిల్ల సకిలించినట్టు కిలకిలమని అరిచేది. "చూడు, నవ్వుతోంది," అని ఆవిడ దాని మీద కోపం తెచ్చుకునేవారు. చిక్కడపల్లిలో బజ్జీల బండి దగ్గర మాత్రం ఏ కోపమూ ఉండేది కాదు. నూనెలోంచి తీసినవి తీసినట్టు కావాలి. ప్లేట్లో కాస్త ఆరినా, "చల్లారిన బజ్జీ తింటే ఓడిపోయినట్టే లెక్క," అని వెనక్కిచ్చేసేవారు.

మనుషుల సంగతి కూడా ఆవిడ పిట్ట భాషలోనే మాట్లాడేవారు. హాస్టల్లో ఒక పిల్ల చెప్పాపెట్టకుండా ఊరికి పోతే, "మునిగింది, ఎక్కడ తేలుతుందో," అనేవారు. ఆ ఏడే నాకొక పరీక్ష పోయింది. ఫలితం చూసుకుని, దుప్పటి కప్పుకుని, ఫోను కూడా ఆపేసి పడుకున్నాను. అన్నానికి కూడా లేవలేదు. ఆవిడ రెండంతస్తులు ఎక్కి వచ్చి నా మంచం అంచున కూర్చుని, దుప్పటి మీద నుంచే నా కాలు తట్టారు.

"మునిగి చాలాసేపయింది. ఇక తేలు."

"యాడ తేలమంటరు మేడం?" అన్నాను ఏడుపు గొంతుతో.

"ఎక్కడైనా తేలవే. నేను చూపించిన చోట అదెప్పుడన్నా తేలిందా?"

అప్పుడు దుప్పటి కిందే నవ్వొచ్చింది. లేచి ముఖం కడుక్కున్నాను. ఆ రోజు ఆవిడ అలా రాకపోతే నేను పుస్తకాలు కట్టేసుకుని ఊరి బస్సెక్కేదాన్ని. ఈ మాట ఆవిడతో ఎప్పుడూ చెప్పలేదు. చెబితే ఏదో ఒకటి అని తీసిపారేసేవారే.

అవి తెలంగాణ కోసం ఊరూవాడా రోడ్డెక్కిన రోజులు. మా హాస్టల్ పిల్లలం కూడా ఊరేగింపులకు పోయి, గొంతు పోగొట్టుకుని, ఆవిడ ఇంటి ముందు నుంచే తిరిగొచ్చేవాళ్ళం. ఆవిడ మాకు ఉప్పు నీళ్ళు కాచి పుక్కిలించమని ఇచ్చేవారు. మాలో ఒక తుంటరి పిల్ల ఒకసారి అడగనే అడిగింది. "రాష్ట్రం వస్తే మీరు పోతరా మేడం, గుంటూరుకు?"

ఆవిడ గ్లాసు కింద పెట్టి, క్లాసులో చెప్పినట్టు చెప్పారు. "పిట్టకి ఏది సొంతూరో తేల్చాలంటే అది ఎక్కడి నుంచి వచ్చిందో చూడరు. ఎక్కడ పిల్లల్ని చేసిందో చూస్తారు. నా పిల్లలిద్దరూ ఇక్కడే, నారాయణగూడ ఆసుపత్రిలో పుట్టారు. సాక్షులు కూడా ఇద్దరున్నారు, మా అత్తగారూ, నర్సూ." మేము పొట్టచెక్కలయ్యేలా నవ్వాం. ఆవిడ మాత్రం నవ్వలేదు. ఖాళీ గ్లాసులు తీసుకుని లోపలికి పోయారు.

రెండో ఏడు వానల్లో గూడు దొరికింది. గూడంటే పెద్దదేమీ కాదు, కుళ్ళిన నాచు, జమ్ము ఆకులు కలిపి కుప్పేసినట్టు నీళ్ళ మీద తేలుతోంది. కొట్టుకుపోకుండా జమ్ము కాడలకు కట్టేసినట్టు ఆని ఉంది. మమ్మల్ని చూడగానే తల్లి ముక్కుతో నాలుగు పోగుల నాచు గబగబా కుప్ప మీదికి లాగి, చప్పుడు లేకుండా నీళ్ళలోకి జారిపోయింది. గుడ్లేవీ కనబడలేదు.

"పైన నాచు కప్పి పోతుంది, ఎవరికీ కనబడకుండా," అన్నారు ఆవిడ గుసగుసగా. ఆవిడ గుసగుస అవతలి గట్టుకు కూడా వినబడేది.

నేను సల్వారు పైకి మడుచుకున్నాను. "మోకాటి లోతే ఉంటది మేడం. పోయి జర నాచు జరిపి చూస్త. గుడ్లుంటే ఇద్దరం చూసినట్టే, అయిపాయె."

ఆవిడ గొడుగు పిడితో నా చెయ్యి పట్టి ఆపారు. అంత కోపంగా ఆవిడను మళ్ళీ ఎప్పుడూ చూడలేదు. "నువ్వు చెయ్యి పెట్టాక అది తిరిగి రాకపోతే? దాని గుడ్లు పోగొట్టి, ఇది ఇక్కడ గుడ్లు పెడుతుందని నేను పుస్తకంలో రాయించుకోనా?"

సరే, గుడ్లు పొదిగి పిల్లలు బయటికొచ్చేదాకా ఆగుదామన్నారు. మూడు వారాలే కదా అని నేనూ ఊరుకున్నాను. ఇంతలో సమ్మె వచ్చింది. బస్సులు ఆగిపోయాయి. మాకు పండగ, ఆవిడకు పరేషాన్. రోజూ పొద్దున్నే గుమ్మంలో నిలబడి మమ్మల్ని అడ్డగించేవారు.

"మీ బస్సులెప్పుడు తిప్పుతారే?"

"రాష్ట్రం ఇచ్చినంక మేడం."

"మీ రాష్ట్రం ఎప్పటికైనా మీకొస్తుంది. నా పిల్లలు ఈ వారంలో ఈదేస్తాయి!"

ఆవిడ మోకాళ్ళతో అంబర్‌పేట్ దాకా నడవడం కాని పని. చివరికి ఒక రోజు మా వీధి ఆటో అన్నను నేను బతిమాలాను. "పిట్ట పిల్లలు పుట్టినయన్న, చూసొస్తం," అంటే నా ముఖం వింతగా చూసి, ఆవిడ ముఖం చూసి, ఎక్కమన్నాడు. సందుల్లో తిప్పి తిప్పి తీసుకుపోయాడు. దారంతా ఆవిడ ముందుకు వంగి కూర్చున్నారు, తాను వంగితే ఆటో తొందరగా పోతుందన్నట్టు.

మేము దిగేసరికి వాన. మామూలు వాన కాదు, అవతలి గట్టు కనబడని వాన. ఆవిడ అలవాటుగా గొడుగు మూశారు. ఇద్దరం తడుస్తూ నిలబడ్డాం. గూటి మీద ఏమీ లేదు, ఖాళీ. అప్పుడు జమ్ము పక్క నుంచి తల్లి మెల్లగా బయటికొచ్చింది. మెడ ఇటుక రంగులో మెరుస్తోంది. వీపు మీద ఈకలు ఒకచోట ఉబ్బి ఉన్నాయి. ఆ ఉబ్బులోంచి తెల్ల చారల తల ఒకటి బయటికొచ్చింది. పక్కనే ఇంకొకటి.

"మేడం! ఈపు మీద! రెండున్నయి!"

ఆవిడ దుర్భిణి ఎత్తారు. లోపల ఆవిరి పట్టేసింది. దించి కళ్ళజోడుతో చూద్దామంటే అద్దాల నిండా నీళ్ళు. చీర కొంగుతో తుడిచారు, కొంగు అంతకన్నా తడి. "ఎక్కడే? ఎక్కడ?" అంటున్నారు. నేను ఆవిడ తల పట్టుకుని అటు తిప్పాను. అంతలో తల్లి పిల్లలతో సహా జమ్ములోకి దూరిపోయింది. మసక పడేదాకా నిలబడ్డాం. మళ్ళీ రాలేదు.

"ఏం కాదు మేడం," అన్నాను ఆటోలో. "నేను చూసిన. మీకు ఎట్లైనా తెలుసు, ఉన్నయని. ఇద్దరం చూసినమని రాయుండ్రి."

"తెలుసు. కానీ ఇవాళ చూడలేదుగా."

"నేను రాకముందు చూసిండ్రు కద!"

"అప్పుడు నేనొక్కదాన్నే. ఇవాళ నువ్వొక్కదానివే. అవి రెండూ కలిపి ఇద్దరు అనకూడదు అమ్మాయ్."

నాకు నిజంగా ఏడుపొచ్చింది. ఆవిడ కోసం ఇంత తిరిగి, ఇంత తడిసి, చివరికి ఆవిడ రూలే ఆవిడకు అడ్డం. కానీ ఆవిడ ముఖంలో బాధ వెతికితే దొరకలేదు. "చారలు ఎలా ఉన్నాయి? నిలువుగానా? ముక్కు ఏ రంగు? రెండూ ఒకే వైపు చూస్తున్నాయా?" అని అడుగుతూనే ఉన్నారు. చెప్పిందే మళ్ళీ చెప్పించుకున్నారు. నారాయణగూడ చౌరస్తా వచ్చేసరికి ఆటో అన్నకు కూడా ఆ పిల్లల రూపురేఖలు కంఠతా వచ్చేశాయి.

తరవాత సెక్రటరీ గారు ఇంటికొచ్చారు. నేను అక్కడే ఉన్నాను. ఆయన మంచివారే. జరిగిందంతా విని, "మీ మాట మాకు చాలు మేడం. నేను రాసేస్తాను," అన్నారు.

"నన్ను నమ్మమని నేనెప్పుడు అడిగాను? వచ్చి చూడమన్నాను," అన్నారు ఆవిడ. "వానలో."

ఆయన టీ తాగి, గొడుగు తీసుకుని, వెళ్ళిపోయారు. ప్రశ్నార్థకం అలాగే ఉండిపోయింది.

నాకు ఉద్యోగం వచ్చి జిల్లాకు పోయాను. మరుసటి వానల్లో ఆవిడ ఫోను చేసి, మోకాలికి ఆపరేషనయిందని, కంటికి కూడా చేయాలంటున్నారని, ఈ ఏడాది కుంటకు పోలేనని చెప్పారు. "నువ్వెక్కడ తేలావో తెలిసింది, అది చాలు," అన్నారు. రాష్ట్రం విడిపోయిన ఏడాది ఎండాకాలంలో ఆవిడ పోయారు. పదకొండో రోజు నేను వచ్చాను. వచ్చినవాళ్ళలో సెక్రటరీ గారు ఒక మూల కుర్చీలో ఒంటరిగా కూర్చుని ఉన్నారు. నన్ను గుర్తుపట్టి పక్కకు పిలిచారు.

"ఆ కుంట ఇంకా ఉందా అమ్మా?"

"సగం పూడ్చిండ్రట సార్. సగం ఉన్నది."

ఆయన తలూపి, "వానలు పడనీ," అన్నారు.

పడ్డాయి. సెలవు పెట్టి వచ్చాను. ఇద్దరం అంబర్‌పేట్ బస్సెక్కాం. ఆయన కొత్త వాన చెప్పులు కొనుక్కున్నారు. కుంట నిజంగానే సగం అయిపోయింది, ఒక వైపు మట్టి కుప్పలు, ఇటుక ముక్కలు. జమ్ము ఉన్న వైపు మాత్రం నీళ్ళున్నాయి. చినుకులు మొదలవగానే సెక్రటరీ గారు పెద్ద రంగుల గొడుగు విప్పారు.

"గొడుగు ముయ్యండి సార్. పిట్ట బెదురుతుంది," అన్నాను. నా నోట్లోంచి అది అచ్చం ఆవిడ యాసలోనే వచ్చింది. ఆయన నా వైపు ఒకసారి చూసి, మారు మాట్లాడకుండా మూసేశారు. బట్టతల మీద వాన టపటపా పడుతోంది.

ఎంతసేపటికో తల్లి బయటికొచ్చింది. వీపు మీద ఉబ్బు ఉంది. నేను ముందే పాలిథిన్ కవరులో చుట్టి తెచ్చుకున్న పొడి గుడ్డ తీసి ఆయనకిచ్చాను. ఆయన అద్దాలు తుడుచుకుని, పెట్టుకుని, చూశారు. చారల తల బయటికొచ్చింది.

"చూశాను. చూశానమ్మా. అలా సవారీ చేస్తున్నాయేమిటి!" అని గట్టిగా అరిచారు. నేను వేలు పెదవుల మీద పెట్టి ఆపాల్సి వచ్చింది.

ఆయన జేబులోంచి పెన్ను తీసి, కాగితం చేతి చాటున పెట్టుకుని ఆగారు. "మేడం పేరు మొదట రాస్తాను. తరవాత నీదీ, నాదీ."

నాకూ అలాగే రాయించాలనిపించింది, ఎంతగా అనిపించిందో చెప్పలేను. కానీ ఆవిడ కసురు చెవుల్లో వినబడుతోంది.

"వద్దు సార్. కోప్పడ్తరు. ఇయ్యాల చూసింది మనిద్దరమే."

"మరి ఆవిడది ఇందులో ఏమీ ఉండదా?"

"ఏ కాలంల చూసినమో రాస్తరు కద సార్? వానాకాలం అని రాయుండ్రి. మీ పుస్తకంల ఇంతకుముందు ఆ మాట యాడన్న ఉన్నదా?"

ఆయన ఆలోచించారు. లేదన్నట్టు తల అడ్డంగా ఊపి, వానాకాలం అని రాసి, దాని కింద గీత గీశారు. తల్లి బుడుంగున మునిగింది.

"అదిగో, ఆ జమ్ము పొద దగ్గర తేలుతుంది," అన్నారు సెక్రటరీ గారు పెన్నుతో చూపిస్తూ.

"బజ్జీలు?"

"సరే, బజ్జీలు."

అది మా వెనక మట్టి కుప్పల వైపు తేలి, కిలకిలమని అరిచింది.

చిక్కడపల్లి బండి దగ్గర ఆయన మూడు ప్లేట్లు చెప్పారు. చల్లారిన బజ్జీలంటే ఆవిడకు ఇష్టం ఉండదు కాబట్టి, మూడోది కూడా వేడిగా ఉండగానే మేమిద్దరం తినేశాం.